మ్యాచ్ లక్నోకు తరలిపోయినా నిలిచే యాత్ర

ప్రశ్న: మేం ఆరుగురం. వరంగల్‌లో ఇంజినీరింగ్ కలిసి చదివాం, హాస్టల్లో ఒకే అంతస్తులో ఉన్నాం. ఇప్పుడు అందరికీ ముప్పై అయిదు దాటాయి. నలుగురం హైదరాబాద్‌లో ఉన్నాం, ఒకడు పుణెలో, ఒకడు డాలస్‌లో. డాలస్ వాడు వచ్చే వేసవిలో మూడు వారాల సెలవు మీద వస్తున్నాడు. ఈసారైనా అందరం కలిసి కారులో ఐపీఎల్ యాత్ర చేయాలని నా పట్టుదల. నేను వేసిన పథకం ఇది: హైదరాబాద్‌లో ఒక మ్యాచ్ చూసి బెంగళూరు, ఆపైన చెన్నై, చివరికి విశాఖపట్నం, అక్కడి నుంచి ఇంటికి. వారంలో నాలుగు స్టేడియాలు. గ్రూపులో పెట్టగానే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత ఒక్కడూ పలకలేదు. మూడేళ్లుగా ఇదే వరస.

ఇంకొన్ని చిక్కులున్నాయి. మాలో ఒకడికి క్రికెట్ అంటే పడదు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒకడు రాత్రంతా బండి తానే నడుపుతానని, డ్రైవర్‌ను పెడితే రానని అంటాడు. ఇంకొకడికి ఈ మధ్యే ఉద్యోగం పోయింది. డబ్బు మాట ఎత్తడు గానీ, ఎత్తకపోవడంలోనే తెలిసిపోతోంది. డాలస్ వాడేమో ఖర్చంతా నాదే అంటున్నాడు, అది మిగతావాళ్లకు రుచించడం లేదు. ఎవరూ అలగకుండా, పదేళ్ల తర్వాత కూడా చెప్పుకునేలా ఈ యాత్ర వేసేదెలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ స్నేహితులు బద్ధకించి ఊరుకున్నారని అనుకోకండి. చప్పట్లు కొట్టాక ఒక్కొక్కరూ మనసులో లెక్క వేసుకుని ఉంటారు. ఆ లెక్క నేనూ వేశాను. హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు, అక్కడి నుంచి చెన్నై 350, చెన్నై నుంచి విశాఖ 800, విశాఖ నుంచి తిరిగి హైదరాబాద్ 620. అంతా కలిపితే 2,300 దాటుతుంది. సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ ముగిసేసరికి పదకొండున్నర. జనంలోంచి బయటపడి బస చేరేసరికి ఒంటిగంట. మర్నాడు మళ్లీ బండెక్కాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో, ముప్పై అయిదు దాటిన నడుములతో. మూడో రోజుకల్లా ఆరుగురిలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తారు, నాలుగో స్టేడియంలో ఒకడు నిద్రపోతాడు.

పైగా ఐపీఎల్ షెడ్యూలు మీ వారం చూసి వేయరు. నాలుగు ఊళ్లలోనూ మీరు వెళ్లే వరసలోనే, మీరు చేరే రోజునే మ్యాచ్‌లు పడటం లాటరీ తగలడమే. విశాఖ సంగతి మరీను. అది ఏ జట్టుకూ సొంత ఊరు కాదు. 2024లోనూ 2025లోనూ ఢిల్లీ జట్టు తన సొంత మ్యాచ్‌లలో రెండేసి అక్కడ ఆడింది కాబట్టి మనవాళ్లకు ఆ భాగ్యం దక్కింది. ఏటా దక్కుతుందన్న హామీ లేదు.

అసలు గుర్తు పెట్టుకోవలసిన సంగతి 2025 మే నెలలో జరిగింది. సరిహద్దు ఉద్రిక్తతల వల్ల మే 9న ఐపీఎల్ వారం పాటు ఆగిపోయింది. 17న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో, బెంగళూరు, కోల్‌కతా జట్ల మ్యాచ్‌తో తిరిగి మొదలవ్వాలి. విరాట్ కోహ్లి టెస్టుల నుంచి తప్పుకొని అప్పటికి వారం కాలేదు. అతనికి వీడ్కోలుగా వేలమంది తెల్ల చొక్కాలు వేసుకుని వచ్చారు. వాన పట్టుకుంది. నేల అడుగు నుంచి నీటిని లాగేసే సబ్‌ఎయిర్ ఏర్పాటు ఆ మైదానంలో ఉంది, కానీ కురుస్తున్న వాననే ఆపే యంత్రం ఎవరి దగ్గరా లేదు కదా. ఒక్క బంతి పడకుండా, టాస్ కూడా వేయకుండా మ్యాచ్ రద్దయింది. ఇంకా ఉంది. అదే మైదానంలో మే 23న బెంగళూరుకూ మన సన్‌రైజర్స్‌కూ జరగవలసిన మ్యాచ్‌ను వానల భయంతో లక్నోకు మార్చేశారు. ఆ మ్యాచ్ కోసం హైదరాబాద్ నుంచి సెలవులు పెట్టుకుని, గదులు మాట్లాడుకుని, బండి సిద్ధం చేసుకున్న మీలాంటి ఆరుగురిని ఊహించుకోండి.

అందుకే నా సలహా అంతా ఒక్క షరతు చుట్టూ తిరుగుతుంది: మ్యాచ్ రద్దయినా, తరలిపోయినా, టికెట్లే దొరకకపోయినా ఆ అయిదు రోజులు దండగ కాకూడదు. ఆ షరతుకు నిలబడే యాత్ర వేస్తే మ్యాచ్ జరగడం అదనపు లాభం. నిలబడకపోతే అంత దూరం వెళ్లి కూర్చునేది వాతావరణ శాఖ ముందు.

ఒక్క పెద్ద మ్యాచ్ చాలు. దానికి నేను బెంగళూరును ఎంచుతాను. ఎందుకంటే స్టేడియం కన్నా ఆ దారి బాగుంటుంది. ఇది 44వ నంబరు జాతీయ రహదారి. తిన్నగా దక్షిణానికి పోతుంది, కృష్ణ, తుంగభద్ర రెండూ దాటుతుంది, పొడవునా ఆగడానికి మన ఊళ్లే ఉంటాయి. అభిమానం సంగతికొస్తే, సన్‌రైజర్స్ ఇంతవరకు గెలిచిన ఒకే ఒక్క ఐపీఎల్ కప్పు హైదరాబాద్‌లో గెలవలేదు, చిన్నస్వామిలో గెలిచింది. 2016 మే 29న, బెంగళూరు జట్టును వాళ్ల సొంత జనం ముందే ఎనిమిది పరుగుల తేడాతో ఓడించి. 2024 ఏప్రిల్ 15న అక్కడే 287 పరుగులు చేసింది మనవాళ్లే. ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102. బదులుగా వాళ్లు 262 కొట్టారు. ఒక్క రాత్రి 549 పరుగులు! నారింజ రంగు చొక్కా వేసుకుని ఆ స్టేడియంలో కూర్చోవడానికి మీకు హక్కుంది. ఎర్ర చొక్కాల మధ్య కాస్త గొంతు తగ్గించుకోవాల్సి వస్తుందంతే.

ఇక దారి. శంషాబాద్ వైపు నుంచి తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరండి. అయిదు అంటే అయిదే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి ఎండ ఇంకా మెత్తగానే ఉంటుంది. కర్నూలు 215 కిలోమీటర్లు, అక్కడ పలహారం. హైవే పక్క అద్దాల హోటల్లో ఇడ్లీ తినడానికైతే ఇంత దూరం రానక్కర్లేదు. ఊళ్లోకి వెళ్లి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. నానబెట్టి పిండిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన వేడి బజ్జీ పెట్టి ఇస్తారు. బజ్జీ తుంచి ఉగ్గానితో కలిపి తినాలి. విడివిడిగా తింటే పక్క బల్ల వాళ్లు జాలిగా చూస్తారు. అక్కడి నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం. ఎండ ముదిరేలోపు చేరిపోతారు. మొదటి రోజు ప్రయాణం అక్కడితో ఆపేయండి.

"అనంతపురంలో ఏముంది?" అని మీ గ్రూపులో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. క్రీడాయాత్ర అన్నాక ఈ దారిలో చూడవలసిన మొదటి చోటు అదే. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ, ఊరి పక్కన ఒక క్రీడాగ్రామం కట్టింది. క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్, జూడో అన్నీ అక్కడే. కరవుకు పేరుపడ్డ జిల్లాలో పల్లె పిల్లలు పచ్చిక మీద ఆడుతుంటారు. 2010లో రఫెల్ నడాల్ ఫౌండేషన్ ఇక్కడ టెన్నిస్ బడి తెరిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌లలో అయిదు ఇక్కడే జరిగాయి. శ్రేయస్ అయ్యర్ లాంటివాళ్లు ఇక్కడ ఆడారు. మన తిలక్ వర్మ ఇక్కడే 111 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు.

ముందుగా ఫోను చేసి, చూడటానికి రావచ్చా అని అడిగి, వాళ్లు చెప్పిన వేళకే వెళ్లండి. అది పిల్లలు చదువుకుంటూ ఆడుకునే చోటు, విహారస్థలంలా చొరబడకూడదు. సాయంత్రం పూట సాధన జరుగుతుంటే గట్టు మీద ఒక గంట కూర్చోండి. టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది, బంతి లేనిచోట ఏం జరుగుతోందో చూపదు. ఇక్కడ మాత్రం పన్నెండేళ్ల పిల్ల ఒకే సర్వీసును గురువు పక్కన నిలబడి ఎలా వేస్తుందో, ఆయన అటు తిరగగానే ఎలా వేస్తుందో రెండూ కనిపిస్తాయి. నా మాట నమ్మండి, తర్వాత స్టేడియంలో ముప్పై వేల మంది మధ్య చూసే సిక్సర్ల కన్నా దీని గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు.

ఇంకొకటి. మీరు వెళ్లేది ఉగాది, శ్రీరామనవమి తర్వాతి తిరునాళ్ల కాలమైతే, ఆ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగుతుండే అవకాశం ఉంది. ఇంటర్నెట్టులో వెతికితే ఆలస్యంగా దొరుకుతుంది. పత్రికల జిల్లా పేజీ తిరగేయండి, లేదా టీ బంకు దగ్గర అడగండి. ఇందులో ఎద్దుల విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే బహుమతి. రైతు జత ముందుకు వచ్చేసరికి మైకులో ఎద్దుల యజమాని పేరు, ఊరి పేరు, ఆ జత అంతకుముందు ఎక్కడెక్కడ గెలిచిందో వరసగా చదువుతారు. ఆ వ్యాఖ్యానం ముందు ఐపీఎల్ వ్యాఖ్యానం చప్పగా ఉంటుంది. టికెట్టు లేదు, జల్లెడ పట్టే తనిఖీ లేదు, పక్కవాడు మీకు మజ్జిగ కూడా పోస్తాడు. ఎండకు టోపీ మాత్రం మీరే తెచ్చుకోవాలి.

మీ ఫుట్‌బాల్ స్నేహితుడి గురించి. అతన్ని "సర్దుకుపోరా" అని మాత్రం బతిమాలకండి. అయిదు రోజుల్లో ఒక పూట పూర్తిగా అతని చేతికివ్వండి. ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి మిగతా అయిదుగురూ గొణగకుండా వెళ్లాలి. అనంతపురం మైదానాల్లో ఫుట్‌బాల్ ఉంది. బెంగళూరులో శ్రీ కంఠీరవ స్టేడియం ఉంది, బెంగళూరు ఎఫ్‌సీ సొంత మైదానం. కబ్బన్ పార్కుకు ఒక కొసన అది, మరో కొసన చిన్నస్వామి. ఆ రోజుల్లో లీగ్ మ్యాచ్ ఉంటే సరే సరి. అతను ఇంకొక పని కూడా చేయవచ్చు. దారిలో మీకు హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ చెప్పమనండి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. క్రికెట్ పిచ్చివాళ్లు అయిదుగురు మన ఊరి సంగతి తెలియక నోరు వెళ్లబెట్టి వింటుంటే అతనికి అలక ఎక్కడి నుంచి వస్తుంది?

రాత్రంతా తానే నడుపుతానన్న మిత్రుడితో మాత్రం నేను రాజీ పడను, మీరూ పడకండి. మ్యాచ్ అయ్యాక అర్ధరాత్రి హైవే ఎక్కడం వీరత్వం కాదు. రెండు మూడు గంటల వేళ కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మూతపడుతుంది. ముందు వెళ్తున్న లారీకి వెనక దీపాలు ఉండవు. వెనక సీట్లో అయిదుగురు తండ్రులు నిద్రపోతుంటారు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. అతనికి ఇలా చెప్పండి: ఉదయం అయిదు నుంచి కర్నూలు దాకా స్టీరింగు నీదే, ఆ తర్వాత ఇంకొకరిది, చీకటి పడ్డాక ఎవరిదీ కాదు. మ్యాచ్ రాత్రి బెంగళూరులోనే బస. దీనికి ఒప్పుకుంటే డ్రైవర్ అక్కర్లేదు. ఒప్పుకోకపోతే డ్రైవరే వస్తాడు, అతను రాకపోయినా సరే. చెప్పి చూడండి, వస్తాడు.

బండి గురించి రెండు మాటలు. ఏడు సీట్ల బండిలో ఆరుగురు కూర్చోవచ్చు గానీ, మూడో వరస తెరిస్తే వెనక సామానుకు చోటు ఉండదు. డాలస్ నుంచి వచ్చినవాడి పెట్టె ఒక్కటే ఒక సీటు తింటుంది. పైన క్యారియర్ ఉన్న బండి చూసుకోండి, లేదా డ్రైవర్‌తో పాటు టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. ఆరుగురూ కాళ్లు చాపుకుని, ఎదురెదురుగా తిరిగి కబుర్లు చెప్పుకోవచ్చు. డ్రైవర్‌తో అద్దెకు తీసుకుంటే పసుపు ప్లేటు బండే, మీరే నడిపేదైతే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు బండిని డబ్బిచ్చి తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చేతులెత్తేసే వీలుంది. కర్ణాటకలోకి వెళ్లే పర్మిటు, పన్ను ఎవరు కడతారో, డ్రైవర్ బత్తా ఎంతో, రాత్రి బస ఖర్చు అందులోనే ఉందో లేదో బయలుదేరే ముందే కాగితం మీద రాయించుకోండి. డ్రైవర్‌కు పడుకోవడానికి మంచం చూపించండి, బండిలో పడుకోనివ్వకండి. అతనికి క్రికెట్ ఇష్టమైతే ఒక టికెట్టు ఎక్కువ కొనండి. అంత ఖర్చేమీ కాదు.

ఇప్పుడు డబ్బు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట ఇదే. ఉద్యోగం పోయిన మిత్రుణ్ని "నువ్వేం ఇవ్వొద్దులే" అని అందరి ముందు అనకండి. ఆ మాట విన్న మనిషి యాత్రకు రాడు. వచ్చినా ప్రతి కాఫీకి లెక్క చూసుకుంటూ మూలన కూర్చుంటాడు. డాలస్ మిత్రుడు అంతా తానే భరించడం కూడా వద్దు. అయిదుగురు అతిథులు, ఒక యజమాని అయిపోతారు. రాత్రి ఎక్కడ తినాలో కూడా అతని మొహం చూసి తేల్చుకోవలసి వస్తుంది.

ఇలా చేయండి. డాలస్ మిత్రుడికి విడిగా ఫోను చేసి, బండి ఖర్చు ఒక్కటి అతన్ని పెట్టుకోమనండి. "సెలవుకు వచ్చినందుకు బండి నా వంతు" అని అతనే గ్రూపులో చెప్పాలి. రానూ పోనూ, ఊళ్లో తిరుగుడూ కలిపి సుమారు 1,300 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే బండికి 110 లీటర్ల దాకా డీజిల్ కావాలి. ఆపైన అద్దె, టోల్‌గేట్లు. అంత బరువు ఒక్కసారిగా అందరి నెత్తిమీంచీ సమానంగా దిగిపోతుంది, ఒక్కడికి దయ చూపించినట్టు ఉండదు. మిగిలేవి గదులు, తిండి, టికెట్లు. వాటికి మీరు నిర్ణయించే మొత్తం, మీ అంచనాలో ఆ మిత్రుడు అప్పు చేయకుండా ఇవ్వగలిగినంతే ఉండాలి. ఇదే బడ్జెట్, ఇంతకు మించి వద్దు అని మీరే ముందు ప్రకటించండి, పిసినారి అనిపించుకోండి, పర్వాలేదు. మామూలు లాడ్జి, ఇద్దరికో గది, స్టేడియంలో అందరికీ ఒకే చోట మామూలు టికెట్లు. డబ్బున్నవాడు పెవిలియన్ పక్కన, లేనివాడు ఎండ వైపు కూర్చునే యాత్రకు పేరేదైనా పెట్టుకోవచ్చు, స్నేహయాత్ర అనకూడదు. అందరూ సమానంగా డబ్బు ముందే ఒకరి ఖాతాలో వేయండి. దారిలో ఎవరూ జేబులో చేయి పెట్టకూడదు. లెక్కలు రాసే పని ఆ ఉద్యోగం లేని మిత్రుడికి మాత్రం ఇవ్వకండి. ప్రతి రూపాయీ అతని కళ్ల ముందే కరిగిపోతుంటే యాత్ర ఏం ఆనందిస్తాడు?

టికెట్ల మాట కొస్తే, ఆ జట్టు అధికారికంగా ప్రకటించిన చోటే కొనండి. ఒక్కో ఖాతాకు ఇన్నే టికెట్లని పరిమితి ఉంటుంది కాబట్టి అమ్మకం తెరిచే వేళకు ఇద్దరో ముగ్గురో సిద్ధంగా కూర్చోవాలి, ఒకే స్టాండు అడగాలి. దొరకకపోతే సోషల్ మీడియాలో "మిత్రుడు రాలేకపోతున్నాడు, అసలు ధరకే ఇస్తాను" అనే అపరిచితుల జోలికి వెళ్లకండి. ఒకే కోడు పదిమందికి అమ్ముతారు, గేటు దగ్గర మొదట చూపించినవాడే లోపలికి వెళ్తాడు. టికెట్లు దొరకలేదని యాత్ర మానుకోవద్దు. పైన చెప్పిన షరతు గుర్తుంది కదా.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. 2025 జూన్ 4న బెంగళూరు జట్టు విజయోత్సవానికి వచ్చిన జనం చిన్నస్వామి గేట్ల దగ్గర తొక్కిసలాటలో చిక్కుకున్నారు. పదకొండు మంది చనిపోయారు. దాని తర్వాత ఆ ఏడాది మహిళల ప్రపంచ కప్పు మ్యాచ్‌లు కూడా ఆ ఊరి నుంచి తరలిపోయాయి. అందుచేత మీ మ్యాచ్ ఏ మైదానంలో అని షెడ్యూలు వచ్చాక మళ్లీ ఒకసారి చూసుకోండి. మ్యాచ్ రోజున గంటన్నర ముందే గేటు దగ్గర ఉండండి. టికెట్టు మీద రాసిన గేటుకే వెళ్లండి. టికెట్టు లేకుండా "చూద్దాం, బయట సందడైనా ఉంటుంది" అని ఆ చుట్టుపక్కల తిరగకండి. ముందు నుంచి నెట్టుడు మొదలైందని అనిపిస్తే వెనక్కి, పక్కకు జరిగి బయటపడండి. రెండు ఓవర్లు పోతే పోతాయి. అయ్యాక ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే ఒక చోటు అనుకోండి, అంత జనంలో ఫోన్లు పలకవు.

బండిని అటు తీసుకెళ్లకండి, పెట్టడానికి చోటు దొరకదు. బస దగ్గరే వదిలేసి మెట్రోలో పర్పుల్ లైన్ కబ్బన్ పార్కు స్టేషన్‌లో దిగితే స్టేడియం నడక దూరం. మ్యాచ్ రోజుల్లో చివరి రైలు వేళ పెంచుతుంటారు, ఆ రోజు ప్రకటన చూసుకోండి. బ్యాగు, పవర్ బ్యాంకు, నీళ్ల సీసా లోపలికి రానివ్వరు. గేటు దగ్గర పారేసి ఏడవడం కన్నా గదిలోనే వదిలి వెళ్లడం మేలు.

చేరిన రోజే మ్యాచ్ ఉండేలా మాత్రం వేయకండి. ముందు రోజు మధ్యాహ్నానికే బెంగళూరు చేరండి. అనంతపురం నుంచి 215 కిలోమీటర్లే. దారిలో టైరు పోయినా, ఎవరికైనా కడుపు పాడైనా ఆ ఒక్క రోజు ఆదుకుంటుంది. ఏమీ కాకపోతే ఆ సాయంత్రం మీరే ఆడండి. గంట లెక్కన అద్దెకిచ్చే చిన్న టర్ఫ్ మైదానాలు అక్కడ కావలసినన్ని. ఒక బ్యాటు, నాలుగు టెన్నిస్ బంతులు ఇంటి నుంచే బండిలో వేసుకోండి. ముగ్గురు, ముగ్గురు. ఒక టప్పా పడ్డాక ఒంటి చేత్తో పట్టినా ఔటే. వల మీదుగా బయటికి కొట్టినా ఔటే, బంతి తెచ్చేది కొట్టినవాడే. హాస్టల్ వెనక ఏ రూల్స్‌తో ఆడేవారో వాటితోనే ఆడండి. ఫుట్‌బాల్ మిత్రుణ్ని వికెట్ల వెనక నిలబెట్టండి, గోల్‌కీపర్ బుద్ధి ఎక్కడికీ పోదు. ఆటకు ముందు పది నిమిషాలు కాళ్లు చేతులు సాగదీయడం మాత్రం మరవకండి. ఈ వయసులో తొడ కండరం పట్టేస్తే మర్నాడు స్టేడియం మెట్లు ఎక్కలేరు. మ్యాచ్ లక్నోకు పోయినా ఎవరూ రద్దు చేయలేని ఆట ఇదొక్కటే.

తిరుగు ప్రయాణంలో తొందర వద్దు. ఆలస్యంగా లేచి, టిఫిన్ తిని బయలుదేరండి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి కాస్త లోపలికి వెళ్తే లేపాక్షి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసేది అందరూ చేసే పనే, మీరూ చేయండి. ఏకశిలా నంది ముందు ఆరుగురూ కలిసి ఒక ఫోటో. రాత్రి అనంతపురంలోనో కర్నూలులోనో రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని పడుకోండి. అయిదో రోజు మధ్యాహ్నానికి ఇల్లు.

ఇక గ్రూపులో మౌనం. "ఎప్పుడు వీలవుతుంది?" అని అడిగినంత కాలం ఎవరికీ వీలవదు. షెడ్యూలు వచ్చిన సాయంత్రమే, డాలస్ మిత్రుడి సెలవు రోజుల్లో పడే రెండు తేదీలు మాత్రం పెట్టండి. రెండింటిలో ఒకటి ఎంచుకోవడానికి మూడు రోజులు గడువు. ఆ మూడు రోజుల్లో గదుల బయానా డబ్బు వేసినవాడు యాత్రలో ఉన్నట్టు, వేయనివాడికి మీరే ఫోను చేసి ఎందుకో కనుక్కోవాలి, గ్రూపులో కాదు. చప్పట్ల బొమ్మలను ఒప్పుకున్నట్టుగా లెక్కపెట్టకండి. మూడో తేదీ అడిగినవాడికి లెక్కల పుస్తకం అప్పగించేయండి.